తివాచీకి మాటు

ఇంట్లో ఓ వస్తువు పాడయిందనుకోండి. ఫ్యాను అయితే కరెంటు పనిచేసే కుర్రాడొస్తాడు. కుళాయి అయితే ప్లంబరు. నాలుగుసార్లు ఫోను చేస్తే గాని రాడనుకోండి, మొత్తానికి వస్తాడు. చెప్పు తెగితే కుట్టేవాడున్నాడు. గొడుగు విరిగితే వానాకాలం రాగానే బస్టాండు పక్కన గోనెపట్టా పరుచుకుని కూచునేవాడున్నాడు. మరి తివాచీకి చిల్లు పడితే ఎవర్ని పిలవాలి?

తెలిసినవాళ్ళందర్నీ అడిగి చూశాను. "ఇంకా దాన్ని పట్టుకు వేళ్ళాడుతున్నారా? పారేసి కొత్తది కొనుక్కోండి" అన్నవాళ్ళే ఎక్కువమంది. చిల్లు కనపడకుండా మడిచి వేసుకోమన్నవాళ్ళు ఇద్దరు. చిల్లుమీద ఓ కుర్చీ వేసెయ్యమన్నవారు ఒక్కరే. ఆ ఒక్కరూ మావారు.

మావారి సలహాలో తప్పేమీ లేదు. కాకపోతే మా తివాచీ అవతారానికి అన్నిచోట్లా కుర్చీలు వేస్తే, ఇంట్లో ఏదో శుభకార్యం అనుకుని ఊళ్ళోవాళ్ళు వచ్చి కూచుంటారు.

ఇంతకీ ఆ తివాచీ సంగతి చెప్పాలి. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడుగు. ముదురెరుపు మీద ఆకులూ తీగెలూ, చుట్టూ నల్లటి అంచు. 1985 మే నెలలో మా వదిన పెళ్ళికని (వదిన అంటే మావారి అక్కయ్య) మా మామయ్య వరంగల్లు వెళ్ళి కొని, చుట్టచుట్టి, బస్సుమీద వేయించుకుని చంద్లాపూర్ తెచ్చారట. మగపెళ్ళివారు పట్నం పోకడలవాళ్ళు, వాళ్ళని చాపలమీద కూచోబెడితే బాగుండదని ఆయన పట్టుదల. "జైలు తివాచీ" అని ఆయన ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారట. ఖైదీల చేత నేయించినదన్నమాట. వియ్యాలవారికి మాత్రం ఈ ముక్క చెప్పలేదట.

నేను పుట్టి పెరిగింది హనుమకొండలో. కొత్తవాడ మగ్గాల చప్పుడు చిన్నప్పటినించీ విన్న చెవులు నావి. అంచేత తివాచీ అంటే నాకు కొంచెం పుట్టింటి అభిమానం ఉందనుకోండి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకి వరంగల్లు తివాచీలు వెళ్ళాయి. ఏలూరు తివాచీలూ అంతే పేరున్నవి. అక్కడికి పారశీక దేశం నించి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు ఈ విద్య తెచ్చారంటారు. ఇప్పుడు వరంగల్లులో ఎక్కువగా నేసేవి జంపఖానాలు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చాలామంది జంపఖానానీ తివాచీనీ ఒకే గాటన కట్టేస్తారు గాని, రెంటికీ చాలా తేడా ఉంది. జంపఖానాలో ఉన్నది పడుగూ పేకే. తివాచీలో మూడోది ఉంటుంది, ముడి. ప్రతి రెండు పడుగు పోగులకీ ఓ ఊలు ముక్క చుట్టి, రెండు కొసలూ పైకి వదిలి కత్తిరిస్తారు. ఒక వరస ముడులు, ఆపైన పేక, దువ్వెనలాంటి పనిముట్టుతో దాన్ని దట్టించటం, మళ్ళీ ముడులు. మనం కాలుపెట్టే మెత్తదనమంతా ఆ ముడుల కొసలదే.

ఇదంతా బి.ఏ.లో చెప్పలేదు లెండి. బి.ఏ.లో మాకు కాకతీయుల శాసనాలు చెప్పారు, పానిపట్టు యుద్ధాలు మూడూ చెప్పారు. చినిగినదాన్ని కుట్టుకోవటం గురించి ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట మావారికి సిద్దిపేట కాలేజీకి బదిలీ అయి మేము ఈ పాత ఇంట్లోకి వచ్చి చేరాం. నేను తొలిసారి కాపరానికి వచ్చినప్పటి చంద్లాపూర్ కాదిది. అప్పట్లో ఇది మెదక్ జిల్లా. మార్చి వచ్చిందంటే బోర్లు దగ్గేవి. 2020 ఏప్రిల్ 24న రంగనాయక సాగరులోకి నీళ్ళు వచ్చాయి. మూడు టీఎంసీల జలాశయం. నడిమధ్యన గుట్ట, చుట్టూ నీళ్ళు. ఆదివారం వస్తే కట్టమీద కార్లు, ఫోటోలు దిగే జంటలు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు! మా మామయ్య పొలంలో కొంత ఆ నీళ్ళకిందికి పోయింది. పరిహారం డబ్బు వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములూ పంచుకున్నారు.

ముగ్గురు అన్నదమ్ములూ అన్నాను. వాళ్ళకి ఓ ఆడతోబుట్టువు ఉందని పైన చెప్పాను గదా, ఆవిడ సంగతేమిటని మీకు సందేహం రావచ్చు. వచ్చింది నాకు కూడా.

కాగితాల దగ్గర మా వదిన చెప్పినచోటల్లా సంతకాలు పెట్టిందట. అయిపోయాక మా పెద్దబావగారు, "మరి నీకేం గావాలె చెల్లే?" అని అడిగారట. "గా తివాచీ ఇయ్యుండ్రి" అందట వదిన. అందరూ నవ్వారట. సరే తీసుకుపొమ్మన్నారట. ఆ పూట ఆటోలో పట్టలేదు, మళ్ళీసారి అనుకున్నారు. ఆ తరవాత ఎవరికీ గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది గాని, ఆడబిడ్డ పుట్టింటికొచ్చి ఒక వస్తువు రెండుసార్లు అడుగుతుందా!

ఇక్కడో చిన్న తేదీల లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నించి అమలన్నారు. అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళకి వర్తించదన్నారు. మా వదిన పెళ్ళి మే నెలలో. నాలుగు నెలలు! ముహూర్తం పెట్టిన పంతులుగారు శ్రావణమాసం దాటించి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆ తరవాత 2005లో కేంద్రం వారసత్వ చట్టాన్ని మార్చి, పెళ్ళి అయినా కాకపోయినా కూతురు కూతురే అంది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్న పేచీ కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టాలన్నీ ఢిల్లీలో బాగానే నడుస్తాయి. చంద్లాపూర్‌లో మా ఇంటి గడప కొంచెం ఎత్తు.

పోయిన ఏడాది వినాయక చవితికి ఇల్లు దులుపుతూ అటకమీదినించి ఆ చుట్ట దింపించాను. విప్పి చూద్దును గదా! ఒక చివర కుచ్చులన్నీ ఎలకలు కొరికేశాయి. మడత లోపలివైపు రెండు అరిచేతులంత మేర నూగంతా పోయి, బోడిగా తెల్లటి నూలుదారాలు బయటపడ్డాయి. పురుగు. మరోచోట రెండంగుళాల నల్లటి చిల్లు. ఈ చిల్లు మాత్రం కొత్తది కాదు. పెళ్ళినాడు పొద్దున్నే చాకలి పట్టుబట్టలు ఇస్త్రీ చేస్తుంటే పెట్టెలోంచి నిప్పులు జారిపడ్డాయట. ఊలు గబుక్కున అంటుకోదు, మాడుతుంది. అందుకే పందిరి మిగిలింది. దానిమీద ఓ పళ్ళెం పెట్టి, పళ్ళెంలో తమలపాకులు పెట్టి, పెళ్ళి కానిచ్చారట. కుర్చీ వేసెయ్యమనే తెలివి మావారికి వంశపారంపర్యంగా వచ్చిందని అప్పుడు తెలిసింది నాకు.

"బతుకమ్మకి వదిన వస్తుంది గదా. బాగుచేసి ఇద్దాం" అన్నాను.

"ఎవరు చేస్తారు?" అన్నారు మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"నేను."

అప్పుడెత్తారు తల.

మొదట ఎండ. భాద్రపదమాసపు ఎండ ఎలాంటిదో తెలుసుగా మీకు. వాకిట్లో బోర్లా పరిచి వెనకవైపునించి కర్రతో కొట్టించాను. దుమ్ము సరే, నువ్వుగింజలంత గూళ్ళు ఎన్ని రాలాయో! ఆ బూడిదరంగు సీతాకోకచిలక పిల్ల ఎగురుతుంటే మనం చప్పట్లు కొట్టి చంపుతాం గాని, పాపం అది ఏమీ తినదు. తినేవి దాని పిల్లలు. అవీ చీకట్లో, ఎవరూ కదపనిచోట. కలరా ఉండలు వెయ్యండి, వేపాకు వెయ్యండి, ఏటా రెండుసార్లు ఎండలో పరిచి దులపటాన్ని మించిన మందు లేదు. ఉతకటం మాత్రం చెయ్యలేదు. తడి తెల్లగుడ్డ ఓ మూల అద్ది చూస్తే ఎరుపు కాస్త దిగింది. నీళ్ళలో ముంచితే ఆకులూ తీగెలూ అన్నీ ఒకే రంగై కూచునేవి.

సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసి విశ్రాంతి తీసుకుంటున్న ఓ పెద్దాయన ఉన్నాడు. తలమీద కుండ పెట్టుకున్న ఆ గొల్లభామని చీర అంచుల్లో చూసే ఉంటారు. ఒక్కొక్క భామకీ విడిగా రంగుదారాలు చేత్తో ఎక్కించుకుంటూ నేస్తారు. ఆ ఓపిక ఉన్న మనిషికి నా గోడు అర్థమవుతుందని, ఫోనులో తీసిన ఫోటోలు పట్టుకెళ్ళాను. ఆయన ఫోటోలు పక్కన పెట్టేసి, "బట్టను తేవాలె గని బొమ్మను తెస్తరా?" అన్నాడు. మర్నాడు మావారి కారు వెనక సీట్లో తివాచీ సిద్దిపేట వెళ్ళింది.

ఆయన పురుగు తిన్నచోట బొటనవేలితో రాసి చూశాడు. "పడుగు బతికే ఉన్నది బిడ్డా. పురుగు ఊలు తిన్నది గని నూలు తినలే. గిది నువ్వే జేస్కోవచ్చు."

నిజమే! పురుగుకి కావలసింది ఊలు. పడుగూ పేకా పత్తినూలు గనక వాటిని ముట్టుకోలేదు. చిక్కుముడి సగం విడిపోయినట్టయింది నాకు. కాలిన చిల్లు సంగతే వేరు. అక్కడ పడుగు కూడా పోయింది. "కొత్త పోగులు ఎయ్యాలె. చిల్లు ఎంతున్నదో గంతే ఏస్తే ఆగయి. పైనా కిందా ఒకటిన్నర అంగుళం మంచి బట్టలకు పోవాలె, పాత పోగు పక్కకెంటే" అన్నాడు. నూగు ఏ దిక్కుకి వాలి ఉందో చేత్తో నిమిరి చూపించాడు. కొత్త ముడుల కొసలు కూడా ఆ దిక్కుకే వాలకపోతే, రంగు ఎంత కలిసినా అతుకు మరో రంగులో కనపడుతుందట. పిల్లి వీపు నిమిరినట్టు, ఒకవైపు నునుపు, రెండోవైపు గరుకు. అన్నిటికంటే ముందు కుచ్చుల చివర కుట్టెయ్యమన్నాడు. నేను కుచ్చు అంటే అలంకారమనుకున్నాను. కాదు. అవి పడుగు కొసలే. అవి వదులైతే పేక జారుతుంది, పేక జారితే ముడులు ఒక్కొక్కటే రాలిపోతాయి. కాజాకుట్టుతో ప్రతి రెండు పోగులకీ ఓ పోటు చొప్పున ఆ చివర బిగించటానికి నాలుగు రోజులు పట్టింది. కొసాకి ఓ జానెడు మేర మిగిలిపోయింది. తరవాత చూద్దాంలే అని ఊలు వేటలో పడ్డాను.

ఊలు అని షాపుల్లో అమ్మేది ఊలు కాదని మీకు తెలుసా? చిన్న ముక్క తుంచి అగ్గిపుల్ల చూపించండి. కరిగి గట్టి పూసలా అయిందంటే అది ప్లాస్టిక్కుకి చుట్టం. అసలు ఊలయితే వెంట్రుకలు కాలిన వాసన వేసి, వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. సిద్దిపేటలో నాలుగు షాపులు తిరిగి పదకొండు రకాలు తెచ్చి వంటింట్లో కాల్చాను. పదీ పూసలే. పదకొండోది కాలుతుండగా మావారు పరుగెత్తుకొచ్చి, "ఎవరి జుట్టు అంటుకుంది?" అన్నారు. ఆ ఒక్కటీ అసలైనది, చిలకపచ్చ. మా తివాచీలో చిలకపచ్చ లేదు.

నల్ల ఊలు ఊళ్ళోనే దొరికింది. ఈ ప్రాంతం గొంగళ్ళకి పెట్టింది పేరు. దక్కను గొర్రె ఉన్నికి రంగు వెయ్యక్కర్లేదు, పుట్టుకతోనే నలుపు. బిరుసుగా ఉంటుందనే గాని తివాచీ అంచుకి ఆ బిరుసే కావాలి. పాత తివాచీల్లో ముందుగా అరిగిపోయేది నల్లరంగే. ఇనుము కలిపి వేసిన నలుపు ఊలుని తినేస్తుంది. దేవుడు వేసిన నలుపుకి ఆ బెడద లేదు.

మా వీధి చివర కురుమ అవ్వ దగ్గరికి వెళ్ళాను. "గొంగడి నేసుడు బందువెట్టి శాన దినాలాయె. రాట్నం ఉన్నది" అని, ఆవిడ ఏదో మూలనించి ఉన్ని మూట లాగి, మూడు రోజుల్లో నాకు కావలసినంత వడికి ఇచ్చింది. డబ్బివ్వబోతే తీసుకోలేదు. లోపలికెళ్ళి ఆవిడ మొగుడి గొంగడి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. చింతగింజల గంజి పెట్టి బిగించిన పాతకాలపు గొంగడి, వానొస్తే చుక్క దిగదు. భుజం దగ్గర చినిగింది. "తివాచీకి మాటేసినంక దీనికి గూడ ఎయ్యి" అంది. అలా నాకు వృత్తిలో మొదటి బేరం తగిలింది. ఇన్ని నవలలు రాశాను, ఒక్కరూ ఇలా ముందుగా ఆర్డరు ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక ఎరుపు. అందుకు పైకి చెప్పరాని ఓ ఉపాయం తోచింది. మావారికి ఓ స్వెట్టరుంది. ఎప్పుడో ఢిల్లీలో ఏదో సదస్సుకి వెళ్ళినప్పుడు, చలికి వణుకుతూ కొనుక్కున్న ముదురెరుపు స్వెట్టరు. దాని అడుగు అంచునించి ఓ పోగు లాగి కాల్చాను. వెంట్రుకల వాసన! ఆ సాయంత్రం కాఫీతోపాటు పకోడీలు కూడా పెట్టి విషయం చెప్పాను.

"నేనేసుకునేదాన్ని ఇప్పదీస్తావా?"

"సిద్దిపేటలో చలెక్కడిది? పైగా మూడేళ్ళనించీ పొట్టమీద బొత్తాలు కలవటం లేదు."

రెండోమాట పనిచేసింది. ఇప్పదీసిన ఊలు సేమ్యాలా వంకర్లు పోయి ఉంటుంది. తడిపి, చిలపలు కట్టి, కిందికి ఓ చెంబు వేళ్ళాడగడితే ఆరేసరికి తిన్నబడుతుంది. రంగు మాత్రం మరీ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. నలభైఏళ్ళ తివాచీ పక్కన నిలబడదు. దానిమ్మ తొక్కలు మరగబెట్టి అందులో తుప్పుపట్టిన మేకు ఒకటి వేసి, ఊలు కాసేపు ఉంచి తీశాను. ఎరుపు కాస్త పెద్దరికం తెచ్చుకుంది.

స్వెట్టరు తరవాత మంచం వంతు. తివాచీని లాగి పట్టి ఉంచకపోతే పోగులు వదులై అతుకు ఉబ్బుతుంది. చట్రం కావాలి. మావారు మధ్యాహ్నంపూట పడుకునే నవారు మంచానికి నవారు ఊడదీస్తే, దేవుడు నాకోసమే చేయించినట్టు చట్రం! చిల్లున్న భాగం దానికి బిగించాను. పేక దట్టించటానికి ఓ ఫోర్కు. మా ఇంట్లో ఎవరూ ఫోర్కుతో తినరు. ఎవరో బహుమతిగా ఇచ్చిన అరడజనులో ఒకదానికి ఇన్నాళ్ళకి ఉద్యోగం దొరికింది. సూది దబ్బనం కంటే సన్నం, కుట్టుసూది కంటే లావు.

వెనక్కి తిప్పి స్కేలు పెట్టి లెక్కపెట్టాను. అంగుళానికి నిలువున ఆరు ముడులు, అడ్డంగా ఆరు. చదరపంగుళానికి ముప్ఫయ్యారు. పురుగు తిన్నది ఎనిమిదంగుళాలు పొడుగు, అయిదు వెడల్పు. అంటే 1,440. కాలిన చిల్లుకి 144. ఇలాంటి లెక్కలు ముందుగా వేసుకోకూడదు. వేసుకుంటే మనిషన్నవాడు ఏ పనీ మొదలుపెట్టడు. మొదటిరోజు గంటకి పాతిక వేశాను. వారం తిరిగేసరికి అరవై. తివాచీ నేసే పనివాళ్ళు రోజుకి వేలల్లో వేస్తారు. ఆరడుగులు, తొమ్మిదడుగుల ఈ తివాచీలో రెండు లక్షల ఎనభైవేల ముడులు! ఎవరో ఓ మనిషి, ఏ నేరానికో శిక్షపడి, రోజులు లెక్కపెట్టుకుంటూ వేసి ఉంటాడు. విడుదలైన రోజున అతనికి ఇంకా ఎన్ని ముడులు మిగిలాయో, ఆ మిగిలినవి ఎవరి పాలబడ్డాయో అనిపించేది నాకు, రాత్రిపూట దీపం దగ్గరికి లాక్కుని కూచున్నప్పుడు. ఒక ఆకు కొస దగ్గర ముడులు మరీ బిగువుగా ఉన్నాయి. దాని పక్క ఆకు దగ్గరకొచ్చేసరికి కాస్త సడలాయి. రెండు ఆకులకీ మధ్య ఏదో జరిగింది. నవలలు రాసే బుద్ధి ఎక్కడికి పోతుంది!

మంచం లేదు గనక మావారు కూడా కుర్చీ వేసుకుని నా పక్కనే కూచోవటం మొదలుపెట్టారు. ఓ రాత్రి అడిగారు, "ఎన్నయినయ్?"

"ఎనిమిది వందలు."

"ఎందుకింత కష్టం? అక్కకి కొత్తది కొనిస్తే సంతోషపడదా?"

"అక్క కొత్తది అడగలేదుగా."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను వరస పూర్తిచేసి పేక వేసి ఫోర్కుతో దట్టించాను.

"ఇంతకీ వదిన సంతకం పెట్టింది ఎన్ని గుంటలకి?" అన్నాను, తల ఎత్తకుండానే. తల ఎత్తకుండా మాట్లాడటం నేను ఆయన దగ్గర నేర్చుకున్న విద్యే.

ఆయన చెప్పలేదు. చెప్పలేక కాదు, లెక్క తెలుసు. ఈయన్ని ఎత్తుకుని మోసింది వదిన. ఆవిడ పెళ్ళినాటికి ఈయనకి పదకొండేళ్ళు. అప్పగింతలప్పుడు కారు వెనక పరుగెత్తి మోకాళ్ళు పగలగొట్టుకున్నారట. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. మర్నాడు ఆయన వరండాలో నిలబడి పెద్దబావగారితో ఫోనులో మాట్లాడటం వినపడింది. అవతలి మాట వినపడలేదు గాని, ఇవతల "ఆమె వద్దన్నది కాదన్నా, మనం అడగలే" అన్నది మాత్రం వినిపించింది. లోపలికి వచ్చి కుర్చీలో కూచుని చాలాసేపు తివాచీ కేసి చూశారు. చిన్నబావగారికి కూడా చేశారు ఫోను. అది రెండు నిమిషాల్లోనే అయిపోయింది. నేను ఏమీ అడగలేదు. ఎనిమిది వందల అరవై దాకా వచ్చాను ఆ పూట.

కాలిన చిల్లు ఆఖరున పట్టుకున్నాను. ఇరవైనాలుగు కొత్త పడుగు పోగులు, పైనా కిందా మంచి బట్టలోకి తోసి, వాటిమధ్య పేక అల్లి, ఆ పైన ముడులు. మాడిన అంచులు కత్తిరించేటప్పుడు రాలిన బొగ్గుపొడి నలభైఏళ్ళ కిందటిది. మామయ్యా అత్తమ్మా ఇద్దరూ ఆ పూట ఎంత కంగారుపడి ఉంటారో, తమలపాకుల పళ్ళెం అప్పటికప్పుడు ఎవరికి తోచి ఉంటుందో! అన్ని ముడులూ అయ్యాక కత్తెర అడ్డంగా పట్టి, పాత నూగు కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంచి కత్తిరించాను. తొక్కగా తొక్కగా అదే అణుగుతుంది. దూరాన్నించి చూస్తే తెలియదు. దగ్గరికొస్తే తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ. కురుమ అవ్వ వచ్చి చూసి, "మాటన్నంక కనవడాలె. కనవడకుంటే ఎవలు జేసిన్రో ఎట్ల ఎర్కైతది?" అంది. తన గొంగడి సంగతి కూడా గుర్తుచేసి వెళ్ళింది.

సద్దుల బతుకమ్మకి ముందురోజు పొద్దున వదిన హుస్నాబాద్ నించి వచ్చింది. నడిమింట్లో పరిచిన తివాచీ చూసి చెప్పులు విడిచినచోటే నిలబడిపోయింది. తరవాత నెమ్మదిగా వచ్చి, మధ్యలోకి కాదు, తిన్నగా ఆ చిల్లున్నచోటికి వెళ్ళి కూచుంది. అరచేత్తో నిమిరింది. ఏ దిక్కుకి నిమరాలో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

"గీడ తమలపాకులుండె" అంది.

కాఫీ తాగి, మళ్ళీ ఓసారి మూలలెత్తి వెనకవైపు చూసి, "మంచిగ జేసినవ్ మరదలా. నేను దీన్ని తీస్కపోను" అంది. నా గుండె జారింది. నెలరోజుల కష్టం! ఏం వదినా అన్నాను. "ఆడ మా కోడలు నున్నటి బండలేయించింది, దాని మీద ఏం పరవనియ్యది. ఈడనే ఉండనియ్యి. నేనొచ్చినప్పుడు గూసునేతందుకు ఈ ఇంట్ల నాకొక జాగుండాలె గద."

మావారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గొంతు సవరించుకున్నారు. క్లాసులో పాఠం మొదలుపెట్టే ముందు అలాగే సవరించుకుంటారని ఆయన శిష్యులు చెబుతారు.

"అక్కా, అన్నలతోటి మాట్లాడిన. వాళ్ళది వాళ్ళిష్టం. నీళ్ళల్ల పోంగ మిగిలిన భూమిల నా పాలుకొచ్చినదాంట్లకెంచి నీ భాగం నీ పేర రాయిస్త. నాకొచ్చిన పైసల్లకెంచి గూడ నీకు రావాల్సినయి ఇస్త."

వదిన విననట్టే ఉంది. తివాచీ చివరకి జరిగి, నేను కాజాకుట్టు వేసిన కుచ్చుల వరస వేలితో తడుముతూ వచ్చి, కొసాకి మిగిలిపోయిన జానెడు దగ్గర ఆగింది. "గిది ఇడిశిపెట్టినవేందే? సూది ఏది?"

సూదీ దారం ఇచ్చాను. కళ్ళజోడు తీసి పెట్టుకుని, రెండేసి పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టటం మొదలుపెట్టింది. నాకంటే వేగంగా, నాకంటే బిగువుగా.

మావారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. "సెలవులైనంక రిజిస్ట్రేషనుకు పోవాలె. ఆధార్ కార్డు తెచ్చుకున్నవా అక్కా?"

"ఉన్నది బ్యాగుల" అంది వదిన, కుట్టుమీదినించి కళ్ళెత్తకుండా. "అది లేకుంటే బస్సుల టికెట్ గొడ్తరు గద."